కమ్మరి ఇంట పుట్టిన విజ్ఞాని: మైకేల్ ఫారడే

ఏండ్ల తరబడి మట్టిలో పడి ఉన్న పాత గొడ్డలిని గాని, తాళాన్ని గాని చేతిలోకి తీసుకుంటే తుప్పు పెచ్చులుగా రాలుతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే తుప్పుతో పాటు దానిపై చెక్కిన గుర్తులు కూడ అరిగిపోతాయి. ఆమ్లంలో ముంచితే మంచి ఇనుము సైతం కరుగుతుంది. మిగిలిన లోహాన్ని తినివేయకుండా తుప్పును వదిలించే ఉపాయం విద్యుద్విశ్లేషణం. ఆ ప్రక్రియకు నియమాలను, పరిభాషను ప్రసాదించిన మైకేల్ ఫారడే ఒక పేద కమ్మరి కుమారుడు.

ఆయన 1791 సెప్టెంబరు 22న లండను సమీపాన న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించినారు. తండ్రి జేమ్స్ అనారోగ్యపీడితుడు. కొలిమి పని నిలకడగా సాగక ఇంట తిండికే కటకటగా ఉండేది. చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు, ఇంతే ఆయనకు బడిలో లభించిన విద్య. 1805లో జార్జి రీబో అనే పుస్తక విక్రేత వద్ద బైండింగు పని నేర్చుకోవడానికి ఏడేండ్ల ఒప్పందంపై చేరినారు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోలేదు, చదివినారు. బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలో విద్యుత్తుపై ఉన్న వ్యాసం, జేన్ మార్సెట్ రచించిన రసాయనశాస్త్ర గ్రంథం ఆయన దృష్టికి అలాగే వచ్చినవి. చదివినదాన్ని స్వల్ప సామగ్రితో ప్రయోగం చేసి సరిచూసుకొనేవారు. నగరంలోని శాస్త్రోపన్యాసాలకు ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. దానిని ఇచ్చినవాడు అన్న రాబర్ట్, ఆయన కూడ కమ్మరియే.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే భాగ్యం కలిగినది. విన్నదంతా తిరగవ్రాసి, బొమ్మలు గీసి, సుమారు 300 పుటలను తానే బైండు చేసి డేవీకి పంపినారు. చేతివృత్తి ఇంత సార్థకంగా అక్కరకు వచ్చిన సందర్భాలు అరుదు! 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకుని ఉద్యోగం లభించినది. ఆ ఏడే డేవీ దంపతుల వెంట ఐరోపా యాత్రకు వెళ్ళినారు. డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూసినది.

1831 నాటి విద్యుదయస్కాంత ప్రేరణం పాఠ్యగ్రంథాల్లో ఉన్నదే. మన ప్రస్తుతాంశం 1833, 1834 సంవత్సరాల కృషి. ద్రావణంలో వెలువడే పదార్థం ప్రవహించిన విద్యుత్ పరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుందని, అదే పరిమాణపు విద్యుత్తుకు వేర్వేరు పదార్థాలు తమ తుల్యాంక భారాల నిష్పత్తిలో వెలువడుతాయని ఫారడే నిరూపించినారు. విలియం వ్యూవెల్ అనే పండితుని సలహాతో ఆనోడ్, కాథోడ్, అయాన్ అనే పదాలను ప్రవేశపెట్టినారు. గారడీ వలె తోచిన పని త్రాసులో తూచదగినదైనది.

తుప్పు వదిలించే పద్ధతికి ఇదే పునాది. తుప్పుపట్టిన వస్తువును బట్టల సోడా కలిపిన నీటిలో వ్రేలాడదీసి, 12 వోల్టుల బ్యాటరీ ఋణధ్రువానికి కలుపుతారు. ధనధ్రువానికి పనికిరాని ఇనుపరేకు చాలు. వస్తువుపై ఉదజని బుడగలు లేచి తుప్పు పొరలు సడలుతాయి. కొంత తుప్పు క్షయకరణం చెంది నల్లగా మారుతుంది, బ్రష్షుతో తోమితే ఊడివస్తుంది. తీగలు తారుమారైతే మాత్రం కాపాడదలచిన వస్తువే కరిగిపోతుంది. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కారాదు, దానిలోని క్రోమియం విషమై నీటిలో చేరుతుంది. ఉదజని మండే వాయువు గనుక గాలి ఆడే చోటనే, నిప్పుకు దూరంగా ఈ పని చేయవలె.

అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న మానిటర్ అనే ఇనుపకవచపు నౌక 1862 డిసెంబరు 31న మునిగినది. ఫారడే అప్పటికి జీవించియే ఉన్నారు. 2002లో సముద్రగర్భం నుండి పైకి తీసిన దాని ఫిరంగి బురుజుకు వర్జీనియాలోని మెరైనర్స్ మ్యూజియంలో ఇదే చికిత్స చేసినారు. ఇనుములోకి ఇంకిన సముద్రపు ఉప్పును వెలికి రప్పించడానికి ఏండ్లు పట్టే పని అది.

ఫారడే సర్ బిరుదును నిరాకరించినారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండు పర్యాయాలు కాదన్నారు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు వద్ద ఇచ్చిన ఇంటిలో కడపటి దినాలు గడిపి, 1867 ఆగస్టు 25న కన్నుమూసినారు. హైగేట్ శ్మశానంలోని సమాధి ఫలకంపై ఆయన పేరు, జనన మరణ తేదీలు ఉన్నవి.