ఎందుకని అడగమన్న నాన్న.. అడుగుతూనే ఉన్న కొడుకు

నవలల్లో తత్వం చెప్పిన త్రిపురనేని గోపీచంద్‌

పిక్కిలి (ధర్మపురి): ఇంట్లో పిల్లాడు ఎందుకు అని అడిగితే పెద్దవాళ్లు ఏం చేస్తారు? ఒకసారి చెప్తారు. రెండోసారి విసుక్కుంటారు. మూడోసారి నోరు మూసుకోమంటారు. నూరేళ్ల కిందట ఓ తండ్రి మాత్రం అలా చెయ్యలేదు. శాస్త్రంలో ఉందన్నా, పెద్దలు చెప్పారన్నా సరే, ఎందుకో తెలుసుకున్నాకే నమ్మాలని కొడుక్కి నేర్పారు. ఆ కొడుకు పెద్దయ్యాక అదే ప్రశ్నను కథల్లో పెట్టి తెలుగు కుర్రకారు చేతికిచ్చాడు. ఆయనే త్రిపురనేని గోపీచంద్‌.

ధర్మపురి కొండల నడుమ ఉన్న పిక్కిలికీ, గోపీచంద్‌ పెరిగిన తెనాలికీ ఏం సంబంధం అనుకోవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. అప్పటికి ధర్మపురి విడి జిల్లా కూడా కాదు, సేలంలో భాగం. 1965లో గానీ జిల్లా కాలేదు. తెనాలి వాళ్లకైనా, ఇక్కడి తెలుగువాళ్లకైనా పెద్ద చదువుకీ, పెద్ద కోర్టుకీ, సినిమాకీ దిక్కు మద్రాసే. గోపీచంద్‌ లా చదివిందీ, సినిమాలు తీసిందీ అక్కడే.

కవిరాజు ఇంట్లో..

గోపీచంద్‌ 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి. ఐర్లండులోని డబ్లిన్‌ దాకా వెళ్లి బారిస్టరు చదువుకొచ్చిన మనిషి. తెనాలిలో స్థిరపడి ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నారు. పురాణాలను నిలదీస్తూ సూతపురాణం రాశారు. తపస్సు చేసినందుకు తల పోగొట్టుకున్న శంబూకుడి వైపు నిలబడి శంబుకవధ నాటకం రాశారు. పెళ్లి మంత్రాలు పెళ్లి చేసుకునేవాళ్లకి అర్థం కాకపోతే ఎలాగని తెలుగులోనే వివాహ విధి తయారుచేసి, తానే దగ్గరుండి పెళ్లిళ్లు జరిపించారు.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లాడికి వాదన ఉగ్గుపాలతోనే వచ్చింది. లా పూర్తిచేసి కొంతకాలం ప్లీడరీ చేశారు గానీ, నల్లకోటు ఆయనకి పట్టలేదు. కొన్నాళ్లు మార్క్సిజం ఆకర్షించింది. తర్వాత ఎం.ఎన్‌.రాయ్‌ ఆలోచనల వైపు వెళ్లారు. రాయ్‌ పెట్టిన రాడికల్‌ డెమోక్రటిక్‌ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేశారు. ఆ పార్టీని 1948లో రాయ్‌ తానే రద్దు చేశారు.

ఈ మధ్యలోనే సినిమా కూడా పిలిచింది. గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీసిన రైతుబిడ్డకి ఆయన రచన చేశారు. జమీందారీ పెత్తనాన్ని ఎదిరించిన రైతు కథ అది. జమీందార్లకు కోపం తెప్పించి నిషేధం దాకా వెళ్లింది. 1946లో వచ్చిన గృహప్రవేశం కథ కూడా ఆయనదే. ఆ తర్వాత లక్ష్మమ్మ, పేరంటాలు, ప్రియురాలు సినిమాలకు స్వయంగా దర్శకత్వం వహించారు. సినిమాలు డబ్బు మిగల్చలేదు. పేరు నిలిపింది మాత్రం నవలే.

మంచితనం ఎవరి కోసం?

1940ల మధ్యలో రాసిన అసమర్థుని జీవయాత్ర చేత పడితే కింద పెట్టబుద్ధి కాదు. పూర్తయ్యాక నిద్ర పట్టదు. అందులో నాయకుడు సీతారామారావు. కలిగిన ఇంటి బిడ్డ. వంశం పేరు నిలబెట్టమని తండ్రి పోతూ పోతూ ఓ బరువు నెత్తిన పెట్టి పోతాడు. ఆ మాట కోసం అడిగినవాడికల్లా ఇస్తాడు, ఆస్తి కరగదీస్తాడు. చేతిలో డబ్బున్నంత కాలం మహానుభావుడే. డబ్బు పోయాక పలకరించే దిక్కు ఉండదు. అప్పుడు మొదలవుతుంది అసలు కథ. లోకాన్ని తిడతాడు, భార్య మీద విరుచుకుపడతాడు, తనను తానే నమ్మలేని స్థితికి దిగజారతాడు. చివరికి శ్మశానంలో భయంకరంగా ముగిసిపోతాడు.

కథ ఇంతే అయితే ఆరిపోయిన సంసారాల కథల్లో ఒకటయ్యేది. గోపీచంద్‌ అక్కడ ఆగలేదు. ఇతను దానం చేసింది ఎదుటివాడి కోసమా, తన పేరు కోసమా? తండ్రి ఇచ్చిన ఆదర్శం కొడుక్కి దారి చూపుతుందా, గొంతుకి ఉరి అవుతుందా? మనిషి చెడిపోతే తప్పు సంఘానిదా, అతనిదా? పుస్తకంలో ఎక్కడా వీటికి తేలిక జవాబు దొరకదు. చదివే కుర్రాడు తనే తేల్చుకోవాలి. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని విమర్శకులు దీన్నే చెబుతారు. దాన్ని గోపీచంద్‌ అంకితమిచ్చింది, ఎందుకని అడగడం నేర్పిన తండ్రికి. వంశగౌరవం మోయమన్న తండ్రి వల్ల చెడిన కొడుకు కథను, ప్రశ్నించమన్న తండ్రికి ఇవ్వడంలోనే ఆయన మనసు తెలుస్తుంది.

నాన్న జవాబునూ అడిగారు

రామస్వామి 1943లో కన్నుమూశారు. కొడుకు హేతువాదం దగ్గరే ఆగిపోయి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ ఎందుకన్న ప్రశ్న ఒకసారి అలవాటయ్యాక సొంత నమ్మకాల్ని కూడా వదిలిపెట్టదు. బుద్ధి ఒక్కటే మనిషిని నడిపిస్తుందా అని ఆయనకు సందేహం వచ్చింది. వెతుక్కుంటూ వెళ్లి అరవిందుల తత్వం దగ్గర నిలబడ్డారు. గోపీచంద్‌ పుట్టిన 1910లోనే అరవిందులు పుదుచ్చేరి చేరి, 1950లో పోయేదాకా అక్కడే ఉన్నారు. కవిరాజు కొడుకు ఆధ్యాత్మికత వైపు మళ్లడం హేతువాద మిత్రులకు రుచించలేదు. తండ్రి దారి తప్పాడన్నారు. నిజానికి ఆయన విడిచింది తండ్రి ఇచ్చిన జవాబులనే. ప్రశ్నను విడవలేదు.

ఆ మథనమంతా పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా నవలలో కనిపిస్తుంది. ఒకవైపు సంప్రదాయం తెలిసిన పండితుడు పరమేశ్వరశాస్త్రి. ఇంకోవైపు రచయిత కేశవమూర్తి. శాస్త్రి కూతురికీ, కేశవమూర్తికీ కులం అడ్డు దాటిన పెళ్లి. పాతదంతా పారెయ్యాలా, ఉన్నదంతా మొయ్యాలా, లేక రెండింటినీ కలుపుకుని పైకి ఎదగొచ్చా అన్నదే అందులో చర్చ. వీలునామా అంటే ఆస్తి పంపకమే కాదు, ముందు తరం వెనక తరానికి ఏం ఇచ్చి పోవాలన్నది కూడా.

ఆయన రచనలో లోపం లేదని కాదు. అక్కడక్కడ కథ ఆగిపోయి పాత్రలు ఉపన్యాసాలకు దిగుతాయి. కథ కోసం పరుగెత్తే పాఠకుడికి అవి అడ్డే. ఆలోచన కోసం ఆగే పాఠకుడికి మాత్రం ఆ పేజీలే ఇష్టం. తూర్పు పడమరల తత్వాన్ని సులువైన తెలుగులో చెబుతూ తత్వవేత్తలు అనే పుస్తకం రాసిందీ ఆయనే. పోస్టు చెయ్యని ఉత్తరాలు పేరుతో వ్యాసాలూ రాశారు. నార్వేలో యొస్టెయిన్‌ గార్డర్‌ అనే ఫిలాసఫీ మాస్టారు 1991లో సోఫీ ప్రపంచం రాశారు. పద్నాలుగేళ్ల అమ్మాయికి నువ్వెవరు అని అడుగుతూ ఉత్తరం రావడంతో మొదలయ్యే నవల అది. పిల్లలకి తత్వం నేర్పిన పుస్తకంగా లోకమంతా దాన్ని మెచ్చుకుంది. గోపీచంద్‌ పిల్లల కోసమని ప్రత్యేకంగా రాయలేదు. అయినా కాలేజీ వయసు తెలుగు కుర్రాళ్లకి ఆ పని ఆయన అంతకు నలభై ఏళ్ల ముందే చేసి పెట్టారు.

ఆంధ్ర రాష్ట్ర సమాచార శాఖలో, ఆకాశవాణిలో పనిచేసిన గోపీచంద్‌ 1962 నవంబరు 2న, 52 ఏళ్లకే వెళ్లిపోయారు. మరుసటి ఏడాది వీలునామాకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అందుకోవడానికి ఆయన లేరు. 2011లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. మా భూమి సినిమాతో జనానికి దగ్గరైన నటుడు సాయిచంద్‌ ఆయన కుమారుడే.

మనింటి సంగతి

తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయ్యింది. తమిళం నేర్చుకోవాల్సిందే, ఇక్కడ బతుకు దానితోనే. ఇబ్బంది ఎక్కడంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం అందడం లేదు. తాత చదివిన అసమర్థుని జీవయాత్ర అటక మీద ఉన్నా మనవడికి అది బొమ్మల్లేని కాగితాల కట్టే.

అలాగని పుస్తకాన్ని అటక మీదే వదిలెయ్యక్కర్లేదు. అక్షరం రాకపోయినా మాట వచ్చు. రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో చదువొచ్చిన వాళ్లెవరో ఒకరు రోజుకి నాలుగు పేజీలు పైకి చదివితే చాలు. సీతారామారావు ఎందుకలా అయిపోయాడని పిల్లాడు మధ్యలో ఆపి అడుగుతాడు. అప్పుడు మాత్రం విసుక్కోకూడదు.