ఆన్ సలివన్

హెలెన్ కెల్లరు పేరు ఈ గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో అనేకులు వినియుందురు. పసితనముననే చూపును, వినికిడిని కోల్పోయియు కళాశాలలో చదివి, గ్రంథములు రచించిన మహిళ ఆమె. ఆమెకు అక్షరము నేర్పిన ఆన్ సలివన్ ఆ పనికి ఎట్లు సిద్ధపడెనో ఎరిగినవారు అంతమంది లేరు. అంధులైన పిల్లలకు చదువు చెప్పుటకు జాలిగుండె ఒక్కటి ఉన్నచో చాలునని తలచువారు నేటికిని కలరు. అట్టివారు ఈమె చరిత్రను తప్పక తెలిసికొనవలెను.

ఆన్ 1866వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఫీడింగ్ హిల్స్ అను పల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు ఐర్లండునుండి వలస వచ్చిన నిరుపేదలు. ఐదేండ్ల ప్రాయమున ఆమెకు ట్రకోమా అను కంటిజబ్బు సోకెను. కనురెప్పల లోపల గరుకైన పొక్కులు లేచి, నల్లగ్రుడ్డును ఒరసి ఒరసి చూపును హరించు వ్యాధి అది. 1874లో తల్లి క్షయతో మరణించెను. తండ్రి త్రాగుడునకు లోబడి బిడ్డలను విడిచిపోయెను. 1876 ఫిబ్రవరిలో ఆన్‌ను, ఆమె తమ్ముడైన జిమ్మీని ట్యూక్స్‌బరీ అను ఊరిలోని బీదలశాలకు చేర్చిరి. తుంటి జబ్బుతో కుంటుచుండిన ఆ తమ్ముడు కొద్దినెలలకే అచ్చట కన్నుమూసెను. రోగులు, వృద్ధులు, మతిచెడినవారు నిండియున్న ఆ శాలలో ఆమె నాలుగేండ్లకు పైగా గడపెను. చదువురాని ఆ బాలిక అచ్చటి వారిని బ్రతిమాలి, దొరికిన పుస్తకములను చదివించుకొని వినుచుండెను. అంధులకు పాఠశాల కలదని అట్లే చెవినిబడెను. 1880లో తనిఖీకి వచ్చిన పెద్దలు మరలిపోవుచుండగా వారికి అడ్డము వెళ్లి, తనను బడికి పంపుడని మొరపెట్టుకొనెను. ఆ మొర ఫలించెను.

1880 అక్టోబరులో ఆమె బోస్టనులోని పెర్కిన్సు అంధపాఠశాలలో చేరెను. అప్పటికి పదునాలుగేండ్లు వచ్చినను తన పేరు వ్రాయుట కూడ రాదు. పసిపిల్లల నడుమ కూర్చుండి అక్షరములు దిద్దవలసివచ్చెను. తోటివారు నవ్విరి, ఆమె తిరుగబడెను. కోపము, పట్టుదల ఆమె స్వభావమున జన్మాంతమువరకు పోలేదు. ఆ కోపిష్ఠితనమును దాచి ఆమెను శాంతమూర్తిగా చిత్రించుట న్యాయము కాదు. 1881, 1882 సంవత్సరములలో జరిగిన శస్త్రచికిత్సల వలన కొంత చూపు వచ్చి, అచ్చుపుస్తకమును కొద్దికొద్దిగా చదువగలిగెను. 1886లో తన తరగతిలో ప్రథమురాలై, తరగతి పక్షమున సభలో ప్రసంగించెను. కాని ఇల్లు లేదు, బంధువుల ఆశ్రయము లేదు, చేయుటకు పని లేదు.

ఈ సమయమున అలబామా రాష్ట్రములోని టస్కంబియా అను చిన్నపట్టణమున కెల్లరు దంపతులు తమ కుమార్తెను గూర్చి కుమిలిపోవుచుండిరి. హెలెన్ పందొమ్మిది నెలల ప్రాయమున జ్వరము వచ్చి చూపును, వినికిడిని కోల్పోయినది. తల్లి ఒకనాడు ఆంగ్ల నవలాకారుడైన డికెన్సు తన అమెరికా యాత్రను గూర్చి వ్రాసిన గ్రంథమును చదువుచు, పెర్కిన్సులో చదివిన లారా బ్రిడ్జిమన్ వృత్తాంతమును చూచెను. లారా కూడ చూపు, వినికిడి లేని బాలికయే. డికెన్సు ఆమెను చూచినది 1842లో. నలువది ఏండ్లకు పైగా బీరువాలలో నిలిచియున్న పుస్తకము ఒక తల్లికి దారి చూపెను. గ్రంథాలయము నడుపువారికి ఇంతకన్న సంతోషము కలిగించు కథ వేరొకటి ఉండదు. తండ్రి బిడ్డను వైద్యునికి చూపించెను. వైద్యుడు టెలిఫోను కనుగొనిన గ్రేహం బెల్ కడకు పంపెను. బెల్ పెర్కిన్సుకు వ్రాయుమనెను. పెర్కిన్సు అధిపతియగు అనాగ్నోసు ఆన్‌ను ఎన్నుకొనెను. జీతము నెలకు 25 డాలర్లు.

ఇట్టి బిడ్డకు చదువు చెప్పు శిక్షణ నాడు ఎచ్చటను లేదు. ఆన్ తన శిక్షణను తానే సమకూర్చుకొనెను. పెర్కిన్సు స్థాపకులలో ముఖ్యుడైన హౌ అను వైద్యుడు 1837 మొదలుకొని లారాకు చదువు చెప్పి, ఏయే దినమున ఏమి నేర్పెనో, ఆమె ఎచ్చట తడబడెనో వ్రాసియుంచెను. చెంచాకు, కత్తికి, తాళపుచెవికి ఉబ్బెత్తు అక్షరముల చీటీలు అంటించి, వస్తువును మాటను ముడిపెట్టుట ఆయన పద్ధతి. మానీమానని కన్నులతో ఆన్ కొన్నిమాసములు ఆ నివేదికలనన్నిటిని చదివెను. లారా అప్పటికిని పెర్కిన్సులోనే ఉండెను. అరచేతిలో వ్రేళ్లతో అక్షరములు చూపి మాటాడు లిపిని ఆన్ ఆమెతో సంభాషించుటకై ముందే నేర్చియుండెను.

1887 మార్చి 3వ తేదీన ఆన్ టస్కంబియా చేరెను. ఆమెకు ఇరువది ఏండ్లు, హెలెన్‌కు ఏడవ ఏడు. పెర్కిన్సు పిల్లలు పంపిన బొమ్మను చేతికిచ్చి, బొమ్మ అను మాటలోని అక్షరములను అరచేతిలో వ్రాసెను. బాలిక ఆ వ్రేళ్ల కదలికలను అనుకరించెనే కాని, అది పేరని గ్రహింపలేదు. పైగా ఆమె ఇంటివారి గారాబమున పెరిగిన మొండిపిల్ల. అందరి పళ్లెములలో చేయి పెట్టి తినుచుండెను. ఒకమారు ఆన్‌ను గదిలో పెట్టి తాళము వేసి, తాళపుచెవిని దాచెను. తండ్రి నిచ్చెన వేసి గురువును కిటికీనుండి దింపవలసివచ్చెను. ఒకనాడు కొట్టిన దెబ్బకు ఆన్ పన్ను ఊడెను. జాలిపడి విడిచిపెట్టిన ఇంటిలో చదువు సాగదని ఆన్ పట్టుబట్టి, తోటలోని చిన్న ఇంటిలో బిడ్డతో ఒంటరిగా రెండువారములు ఉండెను. ఆ కఠినత్వమును నేటి ఉపాధ్యాయులందరు ఒప్పుకొనకపోవచ్చును. అన్ని పనులు ఇతరులు చేసిపెట్టుట బిడ్డకు మేలు కాదని మాత్రము ఆమె సరిగా గ్రహించెను.

ఏప్రిల్ 5వ తేదీన చేతిపంపు కడ హెలెన్ ఒక చేతిపై చల్లని నీరు పడుచుండగా, రెండవ అరచేతిలో ఆన్ నీరు అను మాటను మరల మరల వ్రాసెను. ప్రతివస్తువునకు పేరున్నదని బాలికకు అప్పుడు తోచెను. కొద్దిగంటలలో ముప్పది మాటలు నేర్చుకొనెను. ఈ కథ లోకమెల్ల ఎరిగినదే. అటుపిమ్మట జరిగిన చిన్నసంగతి అంతకన్న ముఖ్యమని నాకు తోచును. ఆ ఇంటి చుట్టములలో పదిహేను నెలల పసిబిడ్డ ఉండెను. ముక్కు ఏది, చెవి ఏది అని అడిగిన చూపును; నోట మాట మాత్రము ఇంకను రాలేదు. ఆన్ ఆ బిడ్డను గమనించి ఆలోచనలో పడెను. పసివారికి ఎవ్వరును వేళపెట్టి పాఠము చెప్పరు; చుట్టుప్రక్కల మాటలు వినివినియే భాష అబ్బుచున్నది. అట్లైనచో హెలెన్ చేతితో కూడ నిండువాక్యములలో మాటాడవలెనని నిశ్చయించి, వేళప్రకారము చెప్పు పాఠములను మానివేసెను. ఎంతో శ్రమకోర్చి చదివిన హౌ పద్ధతినుండి ఆమె ఇచ్చట తొలగెను. ఆ పద్ధతిని ఆమూలాగ్రము ఎరిగియుండుటచేతనే దాని లోపము ఆమెకు కానవచ్చెను.

తరగతిగది పొలమునకు, తోటకు మారెను. టెనెస్సీ నది ఒడ్డున ఇసుకతోను, గులకరాళ్లతోను ఆనకట్టలు, దీవులు కట్టించి భూగోళము చెప్పెను. బంకమట్టితో పర్వతములు ఏర్పరచి వ్రేళ్లతో తడిమించెను. పూసలు గ్రుచ్చుచు కూడికలు నేర్పెను. గ్రుడ్డునుండి కోడిపిల్ల వెలువడుచుండగా అరచేతిలో ఉంచెను. ఉబ్బెత్తు అక్షరముల పుస్తకములను, తెలియని మాటలున్నను, బిడ్డకు విడిచిపెట్టెను.

కీర్తితోపాటు కష్టమును వచ్చెను. 1892లో హెలెన్ వ్రాసిన చిన్నకథ ఒకటి వేరొకరి కథను పోలియున్నదని తేలెను. ఎన్నడో చదువగా విన్నది తనదిగా మనస్సున నిలిచిపోయెను. పెర్కిన్సులో ఎనిమిదిమంది విచారణకు కూర్చుండిరి, చెరిసగముగా చీలిరి. అనాగ్నోసు నాడు వారి పక్షమునే తీర్పుచెప్పినను, తరువాత ఆయన మనస్సు విరిగెను. పదునొకండేండ్ల పిల్లను అట్లు బోనులో నిలుపుట పెద్దలకు తగిన పని కాదు.

ఆన్ తన అనుభవమును 1894లో చటాక్వాలో జరిగిన ఉపాధ్యాయుల సమావేశమునకు వ్యాసముగా వ్రాసెను. టస్కంబియానుండి ఆమె వ్రాసిన లేఖలు 1903లో హెలెన్ స్వీయచరిత్రలో చేరి వెలువడెను. తనకు ముందు హౌ వ్రాసిన నివేదికలు తనకెట్లు ఉపకరించెనో, ఈ లేఖలు తరువాతి ఉపాధ్యాయులకు అట్లే ఉపకరించెను. 1920లో పెర్కిన్సు అధిపతి ఎడ్వర్డ్ ఆలెన్ హార్వర్డు విశ్వవిద్యాలయముతో కలసి అంధుల ఉపాధ్యాయులకు శిక్షణ తరగతిని నెలకొల్పెను.

హెలెన్ 1900లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరినపుడు ఆన్ ప్రక్కన కూర్చుండి ఉపన్యాసములన్నిటిని అరచేతిలో వ్రాసెను. అవసరమైన పుస్తకములు పెక్కు బ్రెయిలీలో లేనందున తానే చదివి వినిపించెను. కన్నులు చెడునని వైద్యులు చెప్పినను మానలేదు. 1904లో పట్టము హెలెన్‌కు వచ్చెను. అన్ని పాఠములు చదివిన ఆన్‌కు ఏమియు రాలేదు. 1932లో టెంపుల్ విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవపట్టము నొసగెను. అప్పటికి ఒక కన్ను తీసివేసియుండిరి. రెండవదానికిని చూపు దాదాపు పోయెను. చిన్ననాడు వదలించుకొనిన బ్రెయిలీని మరల హెలెన్ కడనే నేర్చుకొనవలసివచ్చెను.

1936 అక్టోబరు 20వ తేదీన, హెలెన్ చేయి పట్టుకొనియుండగా, ఆమె న్యూయార్కులోని ఫారెస్ట్ హిల్స్‌లో మరణించెను. చితాభస్మమును వాషింగ్టను మహాదేవాలయమున ఉంచిరి. 1968లో హెలెన్ చితాభస్మమును ఆ ప్రక్కనే చేర్చిరి. అచ్చటి ఫలకముపై వారి పేర్లు బ్రెయిలీలోను చెక్కబడియున్నవి.