నేటాలుకు వెళ్లిన తెలుగు కాపరి

మన అధ్యక్ష మండలపు శతవార్షిక సంచికలో ఒక బాప్టిస్టు పాదిరిగారి జీవితము ఎందుకని కొందరు అడుగవచ్చును. కామారెడ్డి, ఎల్లారెడ్డి గ్రామములలో ఇండ్లు దర్శించునప్పుడు, గల్ఫుకు పోయిన కొడుకు కొరకు ప్రార్థన చేయుమని అడిగే తల్లులు ఎందరో ఉన్నారు. వారిని చూచినప్పుడెల్ల నాకు జాన్ రంగయ్యగారు జ్ఞాపకమునకు వస్తారు.

ఆయన కథ ఆయన పుట్టకముందే మొదలైనది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ చెన్నపట్నము నుండి 342 మందితో దక్షిణ ఆఫ్రికాలోని డర్బను రేవు చేరినది. నేటాలు వలస రాజ్యములోని చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. 1911లో ఈ వలస ఆగునాటికి వెళ్లినవారు 1,52,184 మంది. వారిలో చెన్నపట్నము రేవున ఓడ ఎక్కినవారే ఎక్కువ. తమిళులతోపాటు తెలుగువారును, అందులో క్రైస్తవులును ఉన్నారు. ఒప్పందము అయిదేండ్లు. మొదటి ఏడు జీతము నెలకు 10 షిల్లింగులు. రేవులో గుమస్తాలు ప్రతివానికి ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చలు కూడ రాసుకున్నారు. ఆత్మను గూర్చిన గడి మాత్రము ఆ పుస్తకములో లేదు.

కేర్స్నీలో హ్యూలెట్ దొరగారి తేయాకు తోట ఉండెను. దొరగారు మనవలెనే వెస్లియను సంఘస్థుడు. ఆ ప్రాంతపు కూలీలలో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. తమ భాషలో వాక్యము చెప్పే కాపరి కావలెనని వారు నెల్లూరు వైపు సంఘములకు కబురు పంపారు. అప్పుడు తెలుగు బాప్టిస్టుల హోము మిషను సంఘము పంపినది 1866లో జన్మించిన రంగయ్యగారిని. మిషనరీ అనగా సీమ నుండి వచ్చే దొర అని అందరు అనుకొను కాలమది. మనవారు తమ కానుకలతో తమవానినే సముద్రము దాటించారు. నా మట్టుకు ఇది ఆ కాలపు పెద్ద సంగతులలో ఒకటి.

1903లో ఆయన కుటుంబముతో నేటాలు చేరారు. అదే సంవత్సరము డిసెంబరులో కేర్స్నీలో సంఘము స్థాపించారు. తరువాత తోటల వెంట, ఊళ్ల వెంట తిరిగి మరికొన్ని సంఘములు కట్టారు. అవి సులభమైన దినములు కావు. ఒప్పందము తీరినను దేశము వదలని వారిమీద ఏటికి 3 పౌండ్ల పన్ను ఉండెను. 1913లో గాంధీగారి సమ్మె జరిగిన పిమ్మట, 1914లో గాని అది పోలేదు. మరుసటి ఏడు, 1915లో, రంగయ్యగారు ప్రభువునందు నిద్రించారు. తరువాతి కాలములో ఆయన కుమారుడు టి. ఎమ్. రంగయ్యగారు ఆ సేవను అందుకున్నారు.

ఇప్పుడు ఆ కూలీల మునిమనుమలు తాతముత్తాతల ఊరు వెదుకుచున్నారు. నంబరు దొరికిన ఓడ జాబితాలో పుట దొరుకును, పుట దొరికిన ఊరు దొరుకును. అయితే తెలుగు పేరును చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో రాసిన గుమస్తా చేతిలో ఊరి పేరు ఒక్కొక్కసారి గుర్తుపట్టరాకుండ పోయినది. మన గల్ఫువారి పేర్లు పాసుపోర్టులలో ఎట్లున్నవో చూచినవారికి ఈ చిక్కు కొత్త కాదు.

మా పాస్టరేటు సభ్యుల రిజిస్టరులో దూరదేశము వెళ్లినవారికి గడి లేకుండెను. పోయిన ఏడు పెద్దలను అడిగి ఒకటి గీయించాను. పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులోనే రాయుచున్నాము.