ఫారడే దాచుకున్న కాగితాలు

తీగచుట్టలోకి అయస్కాంతం కడ్డీని తోస్తే గాల్వనామీటరు ముల్లు కదులుతుంది. ల్యాబులో ఆ ప్రయోగం చేసిన మనందరికీ మైకేల్ ఫారడే తెలుసు. మా బావి మోటారుకొచ్చే కరెంటు కూడా 1831లో ఆయన కనిపెట్టిన ఆ సూత్రం మీద పుట్టేదే. నేను రాయదలచింది మాత్రం ఆ ప్రయోగం గురించి కాదు.

ఫారడే 1791లో లండను దగ్గర ఒక కమ్మరి ఇంట పుట్టాడు. బడిలో చదవడం, రాయడం, లెక్కలు వచ్చేసరికి చదువు సరి! పద్నాలుగో ఏట జార్జి రీబో అనే ఆయన పుస్తకాల షాపులో బైండింగు పనికి కుదిరి ఏడేళ్ళు చేశాడు. బైండుకొచ్చిన పుస్తకాలే ఆయన కాలేజీ. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు శుభ్రంగా రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. డిగ్రీ లేని కుర్రాడికి చూపించుకోవడానికి ఉన్న సర్టిఫికెట్టు అదే. మరుసటి ఏడాది డేవీ దగ్గర ఉద్యోగం దొరికింది. డేవీ దంపతులతో యూరపు వెళితే, ఆ ఇల్లాలు ఆయన్ని నౌకరుగానే చూసింది.

1824లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అప్పటి అధ్యక్షుడు డేవీకే అది ఇష్టం లేదు. ఆ ఒక్క గౌరవమే తాను కోరి, రుసుము కట్టి తెచ్చుకున్నాననీ, మిగతావన్నీ వాటంతటవే వచ్చాయనీ ఫారడే తరువాత రాశాడు. ‘సర్’ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు.

ఇంతవరకు చదివి నేను సంబరపడ్డాను. మా వసారా గోడకు అన్నయ్య డిగ్రీ ఫొటో ఉంది. అద్దె గౌను, చేతిలో స్టూడియోవాళ్ళు చుట్టి ఇచ్చిన తెల్లకాగితం. ఎవరొచ్చినా నాన్న దాని కిందే కూర్చోబెడతాడు. నాకు సిగ్గేసేది. ఫారడే నా పక్షమనుకున్నాను.

తరువాత తెలిసింది. దేశదేశాల విద్వత్సంఘాలు పంపిన డిప్లొమాలను ఆయన భద్రంగా ఒక పుస్తకంగా కూర్చి దాచుకున్నాడట! ‘సర్’ అన్నది పేరుకు ముందు చేరి మనిషిని వేరే మనిషిని చేస్తుంది. డిప్లొమా అలా కాదు, నీ పని మేం చూశాం అని సాటివాళ్ళు చెప్పే మాట. నౌకరుగా నిలబడ్డవాడికి ఆ మాట అక్కర్లేకుండా ఎలా ఉంటుంది? ఇది నా ఊహే అనుకోండి.

1867లో చనిపోయాడు. హైగేటులో ఆయన సమాధిరాతి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.

మొన్న సంక్రాంతికి వెళ్ళేసరికి నాన్న స్టూలెక్కి తువ్వాలుతో ఆ ఫొటో అద్దం తుడుస్తున్నాడు. అన్నయ్య ఫీజులు కట్టింది ఆయనే. స్టూలు కదలకుండా పట్టుకున్నాను.