మాయాబజార్ కె.వి. రెడ్డి గారు

నోయిడాలో మా తరగతి పిల్లలందరికీ గాడ్జిల్లా తెలుసు. కె.వి. రెడ్డి గారి పేరు మాత్రం మా ఇళ్లలో అమ్మమ్మలకే తెలుసు. 1954లో జపాన్‌వాళ్లు బొమ్మ ఇళ్లతో టోక్యో నగరం కట్టి, రాక్షసి వేషగాడి చేత తొక్కించారు. మూడేళ్లకే మన ఘటోత్కచుడు వచ్చాడు. అతను ఊళ్లు తొక్కడు, పెళ్లి భోజనం తినేస్తాడు. మాకు అతనే ఇష్టం!

కదిరి వెంకటరెడ్డి గారు 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. వాహినీ సంస్థలో క్యాషియరుగా పనిచేసి, 1943లో 'భక్త పోతన'తో దర్శకులయ్యారు. ఏ సన్నివేశం ఎంతసేపు ఉండాలో ముందే లెక్క కట్టేవారు. క్యాషియరు కదా మరి! 1951లో 'పాతాళభైరవి' తీశారు.

'మాయాబజార్' మొదలుపెడితే ఖర్చుకు భయపడి విజయా సంస్థవారు ఆపేశారు. మళ్లీ మొదలైంది. అంతకుముందు ఒక సినిమాలో తన కృష్ణుణ్ణి జనం మెచ్చకపోవడంతో ఎన్.టి. రామారావు గారు వెనకాడారు. రెడ్డి గారు పట్టుబట్టి ఒప్పించారు. గోఖలే, కళాధర్ చిన్నచిన్న ఇళ్లతో ద్వారక కట్టి దీపాలు పెట్టారు. మార్కస్ బార్ట్లీ కెమెరా ముందు లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్.వి. రంగారావు గారి నోట్లోకి వెళ్లాయి. అప్పటికి కంప్యూటర్ల మాయ లేదు. 1957లో సినిమా విడుదలై ఘనవిజయం సాధించింది.

తర్వాత తీసినవాటిలో కొన్ని ఆడలేదు. పిలిచేవాళ్లు తగ్గారు. అప్పుడు రామారావు గారే తమ సొంత సినిమా 'శ్రీకృష్ణసత్య'ను ఆయన చేతిలో పెట్టారు. అది 1971లో వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో రెడ్డి గారు కన్నుమూశారు.