గడ్డి ఎవరు వేయుదురు?

మా మేడిపల్లి ప్రాంతమున ఎవరైన ఇంటికి క్రొత్తగా దూడను తోలుకొని వచ్చినచో, దాని సుళ్లను చూచుటకు ముందే పెద్దలు ఒక మాట అడుగుదురు. గడ్డి ఎవరు వేయుదురు, నీళ్లు ఎవరు పెట్టుదురు అని. 1926లో తిరువణ్ణామలలో శ్రీ రమణ మహర్షి అడిగినదియు ఇంచుమించు ఇదియే. సర్వసంగపరిత్యాగియైన ఆ మహనీయునకు ఒక ఆవుతో ఇరువది రెండేండ్ల అనుబంధ మేర్పడిన విధము, మూగజీవులను పెంచుట శ్రమకు తగినదా కాదా యని సందేహించువారు తెలిసికొనదగినది.

మహర్షి పూర్వనామము వేంకటరామన్. 1879 డిసెంబరు 30న మధుర సమీపమున తిరుచ్చుళిలో జన్మించి, పదునారేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, 1896 సెప్టెంబరు 1న అరుణాచలము చేరిరి. 1950 ఏప్రిల్ 14న దేహము చాలించువరకు ఆ కొండను విడువలేదు. 1922 వరకును చాలకాలము కొండమీదనే వారి నివాసము. కోతులు, ఉడుతలు, కుక్కలు వారికి ఇరుగుపొరుగులు. తోటికోతుల కాటునకు గురియై చావునకు సిద్ధముగా నున్న కోతిపిల్ల నొకదానిని వారు సాకి బ్రదికించిరి. కాలు కుంటిపడిన ఆ కోతి కోలుకొనిన పిమ్మట తన మందలోనికి మరలిపోయెను. మహర్షి దానిని కట్టియుంచలేదు. సాకుట వేరు, సొంతము చేసికొనుట వేరు.

ఆ రోజులలోనే ఒక విషాదము జరిగినది. పరిచారకుడు విసుగుతో ఒక చిన్న కుక్కను కసరగా, అది పోయి కొలనులో పడి మరణించినదట. మూగజీవులను చులకనగా చూడరాదని మహర్షి నాడే తమవారిని హెచ్చరించిరి.

తల్లి మరణానంతరము కొండ దిగువన, ఆమె సమాధికడ ఆశ్రమ మేర్పడెను. అచ్చటికి 1926లో అరుణాచలం పిళ్లై అను భక్తుడు ఆవును దూడను కానుకగా తోలుకొని వచ్చెను. ఆ దూడయే లక్ష్మి. మహర్షి సంతోషింపలేదు. చుట్టును అడవి, వీనిని చూచువా రెవ్వరు, తిరిగి తోలుకొని పొమ్మనిరి. దాత వినలేదు. ఇంతలో అచ్చటి వారిలో ఒకరు తాము చూచుకొందుమని ఉత్సాహముతో ముందుకు వచ్చిరి. ఆ ఉత్సాహము కొన్ని నెలలకే చాలినది. లేదూడ గంతులు వేసి తోటలోని కూరమొక్కలను పాడుచేయగా నలుగురును విసుగుకొనిరి. మొక్కలు కావలసినవారు కంచె వేసికొనవలెను గాని దూడను తప్పుపట్ట నేల యని మహర్షి యభిప్రాయము. తుదకు తల్లిని బిడ్డను ఊరిలోని పశుపతి యను నాతనికి అప్పగించిరి. లక్ష్మి కథ చెప్పువారిలో పశుపతిని తలచువారు అరుదు. కాని ఏండ్ల తరబడి మేతవేసినవాడు అతడే.

తరువాత లక్ష్మి దినదినము ఉదయమున తానై ఆశ్రమమునకు వచ్చి సాయంకాలము ఊరికి మరలిపోవుట అలవాటు చేసికొనెను. 1930 ప్రాంతమున దూడలతో కూడ అచ్చటనే నిలిచిపోయెను. అప్పుడు గోశాల ప్రసక్తి వచ్చినది. చిన్న పాక చాలునని ఆశ్రమ నిర్వాహకులును, విశాలమైన కట్టడము కావలెనని మహర్షియు తలచిరి. మొదట ఆవునే వలదన్నవారు ఇప్పుడు దానికి పెద్ద యిల్లు కోరుట వింత కాదు. బాధ్యత స్వీకరింపకముందు ఎంత వెనుకాడవచ్చునో, స్వీకరించిన పిమ్మట అంత పూర్తిగా వహింపవలెను.

ఆశ్రమములో భోజనవేళ కుక్కలకు మొదట, బిచ్చగాండ్రకు పిదప, భక్తులకు కడపట వడ్డించవలెనని వారి నియమము. జంతువులను వారు తమిళమున అది యని గాక, వాడు, ఆమె యని వ్యవహరించెడివారు. తమిళ వ్యాకరణము ఇందుకు ఒప్పుకొనదు. మన తెలుగున ఆడుదానికిని ఆవునకును ఏకవచనమున క్రియ ఒక్కటే కావున, ఈ చమత్కారము విద్యార్థులకు వెంటనే స్ఫురింపదు.

వెనుకాడు స్వభావము మాత్రము తుదివరకు పోలేదు. 1947లో బరోడా రాణి తెల్లని నెమలిని పంపగా, ఇక్కడ ఇదివరకే నెమళ్లున్నవి, రంగు వేరైన దీనిని అవి పొడుచునేమో, తిరిగి పంపుట మేలనిరి. పరిచారకుడు కృష్ణస్వామి దాని పోషణభారము వహించిన పిమ్మటనే అది నిలిచినది. ఈ కాలపు విశేషములను గుంటూరు జిల్లా ఆడపడుచు సూరి నాగమ్మ గారు తమ లేఖలలో తెలుగున వ్రాసి యుంచుట మన భాగ్యము.

1948 జూన్ 18న లక్ష్మి మరణించెను. ఆనాటి ఉదయము మహర్షి గోశాలకు పోయి, దాని ప్రక్కన కూర్చుండి, తలపై చేయి వేసి లాలించిరి. అప్పటికి వారికి అరువదెనిమిదేండ్లు. ఆశ్రమ ప్రాంగణముననే, అంతకు ముందు పూడ్చిన లేడి, కాకి, కుక్కల సమాధుల చెంత దానికి సమాధి కట్టిరి. దానిపై చెక్కుటకు తమిళ పద్యమును మహర్షియే రచించి యిచ్చిరి. అందు తిథి నక్షత్రములను కూడ చేర్చిరి.