డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల బాలురకు ఎండ తెలిసినంతగా చలి తెలియదు. నల్లమల కొండల నానుకొనియున్న ఈ సీమలో వేసవి వచ్చినచో పలకల గనులలోని రాళ్లు అరికాళ్లను కాల్చును. మంచు అనగా మనకు ధనుర్మాసపు వేకువను గడ్డిపరకలపై నిలుచు బిందువులు మాత్రమే. కాని కొన్ని దేశములలో మంచు దూదివలె ఆకాశమునుండి రాలి వీథులను, ఇండ్ల గుమ్మములను కప్పివేయును. పెనుగాలితో కూడి కురిసినపుడు బండ్లు నిలిచిపోవును. బయలుదేరిన మనుజుడు ఇల్లు చేరుటయే కష్టమగును. అట్టి చలిదేశమునకు చేత ధనము లేక, మనస్సున శాంతి లేక పోయి, ఇంచుమించు ఇరువదియైదేండ్లు శ్రమించి, లోకమునకు దివ్యౌషధముల నిచ్చిన ఒక తెలుగువాని చరిత్రము ఇది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిరుద్యోగి. అనారోగ్యముచే ఆయన ముందుగానే ఉద్యోగమును విడువవలసి వచ్చెను. తల్లి వెంకమ్మగారు గంపెడు సంసారమును ఎట్లో ఈదుకొని వచ్చుచుండిరి. సుబ్బారావునకు తొలుత చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని పిన్నవయసుననే ఇల్లు విడిచి పోయెను. ఇంటివారు వెదకి వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండుమారులు తప్పెను. ఇంతలో తండ్రి గతించెను. తల్లి తన నగలనమ్మి కుమారుని చదువు సాగించెను. మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవమారు ఆయన ఉత్తీర్ణుడయ్యెను. తల్లి మెడనుండి తొలగిన బంగారము ఆ బాలుని కన్నులు తెరిపించినదని చెప్పవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా సన్యసింపవలెనను కోరిక కలిగెను. తల్లి అందులకు సమ్మతింపలేదు. రోగులకు సేవచేయుటయు దైవసేవయే యని తలచి ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు ధరించెను; శస్త్రచికిత్స నేర్చు వేళ కూడ ఖద్దరు దుస్తులనే తొడిగెను. ఇది ఆంగ్లేయుడగు ఆచార్యునకు రుచింపలేదు. తత్ఫలితముగా ఆయనకు పూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

అంతకంటె ఘోరమైన దెబ్బ ఇంటిలోనే తగిలెను. స్ప్రూ అనబడు సంగ్రహణి వ్యాధి సోకి, అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, విరేచనములచే రక్తహీనుడై మనుజుడు క్షీణించు వ్యాధి ఇది. వైద్యము చదివినవాడై యుండియు సుబ్బారావు వారిని బ్రతికించుకొనలేకపోయెను. ఏలయన, ఆ వ్యాధికి తగిన మందు నాటి పాశ్చాత్యవైద్యమున లేదు. పిదప తనకును ఆ వ్యాధియే సోకెను. ఆయుర్వేద వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసెను. కాని సోదరులను కబళించిన రోగమునకు మందు కనుగొనవలెనను పట్టుదల ఆయనను నిలువనీయలేదు.

అప్పటికే ఆయనకు శేషగిరితో వివాహమై యుండెను. మామగారును, కాకినాడలోని సత్యలింగనాయకర్ ధర్మసంస్థయు కొంత ధనసహాయమునకు ఒప్పుకొనగా, గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి సుబ్బారావు ఓడ ఎక్కెను. 1923 అక్టోబరు 26వ తేదీన ఆయన అమెరికాలోని బోస్టను నగరమున దిగెను. చలికాలము ముంచుకొని వచ్చుచుండెను. మద్రాసు ఎండల కలవాటుపడిన దేహమునకు బోస్టను హేమంతము కఠోరమైన పరీక్ష. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యశాస్త్రమును అభ్యసించుచు, కూటికొరకు ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రిపని చేసెను. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచుట అందలి పని. వైద్యపట్టము చేతనుండగా ఇట్టి పని చేయుటకు ఆయన సిగ్గుపడలేదు.

ఆ దినములలోనే స్వదేశమున కుమారుడు జన్మించెను. ఏడాదియైన నిండకమునుపే ఆ పసివాడు మరణించెను. తండ్రి బిడ్డ ముఖము చూడలేదు. బిడ్డ తండ్రి ముఖమును ఎరుగడు. సముద్రముల కావల శోకించుచున్న భార్యను ఓదార్చుటకు ఆయనకు ఉత్తరములు తప్ప వేరు సాధనము లేకపోయెను. బయట మంచు, లోపల దుఃఖము. ఈ రెంటినడుమ ఆయన ప్రయోగశాలనే ఆశ్రయించెను.

ఆచార్య ఫిస్కేతో కలిసి 1925లో ఆయన రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది ఫిస్కే–సుబ్బారావు పద్ధతియని ప్రసిద్ధి చెందెను. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. మనము పరుగెత్తినను, పలుకు పలికినను వ్యయమగునది ఆ శక్తియే. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ పరిశోధనశాలకు పోయి, పరిశోధనలకు నాయకుడయ్యెను.

అచటనే ఆయన చిరకాలవాంఛ ఫలించెను. 1945 నాటికి ఆయన సహచరులతో కూడి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ వ్యాధికి మందయ్యెను. అన్నదమ్ములను పోగొట్టుకొన్న ఇరువదేండ్లకు పైబడిన పిదప, ఇతరుల అన్నదమ్ములను బ్రతికించు ఔషధము ఆయన చేతికి వచ్చెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందును 1947లో ఆయన బృందమే లోకమునకందించెను.

ఆ 1947 డిసెంబరు 26వ తేదీన న్యూయార్కు ప్రాంతమున ఘోరమైన మంచుతుపాను చెలరేగెను. నగరమున ఇంచుమించు ఒక దినములోనే 26 అంగుళముల మంచు కురిసెను. బండ్లు వీథులలోనే కప్పబడిపోయెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ నెల చివరి దినములలోనే బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్, సుబ్బారావు బృందము తయారుచేసిన ఎమినోప్టెరిన్ అను మందును రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న పసివారి కియ్యనారంభించెను. ఆ వ్యాధి తాత్కాలికముగానైనను ఒక మందునకు లొంగుట అదియే మొదలు. నేటి క్యాన్సరు చికిత్సకు అది తొలిమెట్టయ్యెను. తన పసివానిని చూడనైన నోచుకొనని తండ్రి శ్రమ పరదేశపు పసివారి ఆయువునకు కొన్ని మాసములను కలిపెను.

మరుసటి చలికాలమును సుబ్బారావు చూడలేదు. 1948 ఆగస్టు నెలలో, 53 ఏండ్ల వయసున, గుండె ఆగి ఆయన నిద్రలోనే కన్నుమూసెను. అమెరికా పౌరసత్వమును ఆయన తీసికొనలేదు, భారతీయుడుగానే మరణించెను. స్వదేశమునకు మరలివచ్చుట మాత్రము పొసగలేదు. శేషగిరిగారు భర్తను మరల కన్నులార చూడలేకపోయిరి. ఆయన కీర్తిని తలచునపుడు ఆమె నిరీక్షణమును మరువరాదు. లోకమునకు గలిగిన లాభములో ఆమె చెల్లించిన మూల్యమును ఉన్నది. 1995లో ఆయన శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము తపాలాబిళ్లను వెలువరించెను.

బాలలారా! రక్తహీనత రాకుండుటకై పాఠశాలలలో మీకిచ్చు ఇనుపధాతువు మాత్రలో ఫోలిక్ ఆమ్లము కూడ కలిసియుండును. ఆ చిన్న బిళ్లను మ్రింగునపుడు మంచుదేశపు రాత్రులలో పాత్రలు కడిగిన ఆ వైద్యుని ఒక్కమారు తలంపుడు. మన మార్కాపురపు పలకపై వ్రాసిన తప్పును తుడిచి మరల వ్రాయవచ్చును. రెండుమారులు పరీక్ష తప్పిన సుబ్బారావు చేసినది అదియే.